గడ్డి కింద చేబదులు



వంగ నారు నాటి నెల రోజులైన మడి. సాళ్ల మధ్య బెత్తెడు మందాన వరిగడ్డి పరిచి ఉంది. పైపొర ఎండకు పెళుసెక్కింది గానీ, చేత్తో కాస్త తొలగిస్తే రెండో పొరకే చెమ్మ తగులుతుంది. ఇంకా కిందికి, గడ్డి మట్టిని అంటుకున్న చోటికి వెళ్తే పరకలు నల్లబడి, మెత్తబడి, వేళ్ల మధ్య నలిగిపోతాయి. పరకకూ పరకకూ మధ్య సాలెపురుగు అల్లినట్టు సన్నటి తెల్లటి దారాలు. ఒక పరకను లాగితే నాలుగైదు కలిసి లేస్తాయి. ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి పురుగులు వెలుతురు పడగానే చటుక్కున గెంతి దాక్కుంటాయి. గుప్పెడు మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే తొలకరి వాసన.

ఇంత ప్రాణమున్న మడిలో తలెత్తి మొక్కను చూసిన రైతుకు మాత్రం దిగులు. అడుగు ఆకులు పసుపు తిరిగాయి. గడ్డి కప్పని పక్క మడిలో మొక్కలు ముదురాకుపచ్చగా ఉన్నాయి. "గడ్డి కప్పితే నేలకు బలమన్నారు కదండీ, మరి మొక్క పాలిపోయిందేంటి?" అని, ఆచ్ఛాదన మొదలుపెట్టిన ఏడు రైతు వ్యవసాయాధికారిని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. సరైన జవాబు దొరక్కపోతే రెండో ఏడు గడ్డి మానేస్తాడు కూడా. జవాబు ఆ తెల్లటి దారాల దగ్గరే ఉంది.

ముందు ఆ వాసన సంగతి. అది ఉత్త మట్టిది కాదు. స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థానిది. 1965లో అమెరికా శాస్త్రవేత్తలు దాన్ని విడదీసి ఆ పేరు పెట్టారు. గ్రీకు భాషలో ఆ మాటకు అర్థం మట్టి వాసనే. ఇందాక గెంతి దాక్కున్న తెల్లటి పురుగులు ఈ వాసన పట్టుకునే అక్కడికి వస్తాయని 2020లో తేలింది. అవి ఆ సూక్ష్మజీవుల్ని తింటాయి. వాటి బీజాల్ని ఒంటికి అంటించుకుని ఇంకో చోటికి మోసుకుపోతాయి. అంటే గడ్డి కింద వాసన వస్తోందంటే అక్కడ తినేవీ, తినబడేవీ, మోసేవీ చేరాయన్న మాట. ఆరోగ్యంగా ఉన్న నేలలో ఒక గ్రాము మట్టిలో వంద కోట్ల దాకా బాక్టీరియా ఉండొచ్చు. గ్రాము అంటే చిటికెడు.

అదే చిటికెడు మట్టిని ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం కప్పులేని చల్కా నేల పైనుంచి తీస్తే సంగతి వేరు. ఆ వేళకు ఎర్రమట్టి పైపొర వేడి 50 డిగ్రీలు దాటిపోతుంది. చెప్పు లేకుండా నాలుగడుగులు వేసిన వాళ్లకు ఆ వేడి తెలుసు. నేలలోని సూక్ష్మజీవుల్లో చాలా వాటికి హాయిగా ఉండేది 25 నుంచి 35 డిగ్రీల మధ్య. ఆ పైన కొన్ని చస్తాయి, కొన్ని బీజాలుగా ముడుచుకుని కాలం గడుపుతాయి. ఉష్ణమండలపు నేలలకు గడ్డికప్పు ఎంత అవసరమో 1970లలో నైజీరియాలోని ఇబడాన్‌లో ఏళ్ల తరబడి కొలిచి చూపించిన శాస్త్రవేత్త రత్తన్ లాల్. పంజాబ్‌లో పుట్టినవాడు, 2020లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నవాడు. అడవి కొట్టి దున్నిన నేల వానకు ఎలా కోసుకుపోతుందో, ఎండకు ఎలా కాగిపోతుందో, పంట చెత్త కప్పిన పక్క మడి అదే ఎండా వానల్ని ఎలా తట్టుకుంటుందో ఆయన పరిశోధనలు బయటపెట్టాయి.

వేడి కన్నా పెద్ద దెబ్బ మరొకటుంది. అది తొలకరి రోజున పడుతుంది.

హెచ్.ఎఫ్. బర్చ్ అనే శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికాలోని కెన్యాలో పనిచేస్తూ 1958లో ఒక విషయం రాశాడు. బాగా ఎండిన మట్టి మీద నీళ్లు పడగానే దానిలో ఉన్నట్టుండి ఒక ఉప్పెన లాంటి కదలిక వస్తుంది. ఎండకు చచ్చిన సూక్ష్మజీవుల శరీరాల్ని, విడివడిన సేంద్రియ పదార్థాన్ని బతికున్నవి ఆబగా తింటాయి. కొద్ది రోజుల్లోనే బోలెడంత నత్రజని మొక్క తీసుకోగల రూపంలోకి విడుదలవుతుంది. తొలకరికి విత్తిన పైరు ఎరువు వెయ్యకముందే నిగనిగలాడడానికి ఇదొక కారణం. అయితే అనంతపురం లాంటి చోట ఈ ఉప్పెన వచ్చే సమయానికి పొలంలో మొక్కే ఉండదు. విత్తనం ఇంకా గాదెలో ఉంటుంది. విడుదలైన నత్రజనిని పట్టుకునే వేరు లేక, తర్వాతి వానకు అది కిందికి జారిపోతుంది. ఏటా ఇదే జరిగితే, ఏటా నేల తన మూలధనంలోంచి తీసి పారబోసుకుంటున్నట్టే.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయంలో ఈ నష్టానికి విరుగుడుగా పనిచేసే పద్ధతి ఒకటుంది. తొలకరికి ముందే, ఏప్రిల్, మే నెలల్లో, పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లుతారు. పేరుకు నవధాన్యాలే గానీ పదిహేను, ఇరవై రకాల దాకా ఉంటాయి. జొన్న, సజ్జ, పెసర, అలసంద, జనుము, ఆముదం, ఆకుకూరలు అన్నీ కలిపి, బంకమట్టి, పేడతో చేసే ఘనజీవామృతం పూసి గుళికలు చేసి చల్లి, పైన పలచగా చెత్త కప్పుతారు. రెండు చినుకులు పడితే చాలు, మొలుస్తాయి. పెద్ద వాన వచ్చేసరికి నేలలో వేరు సిద్ధంగా ఉంటుంది. తర్వాత ఆ పచ్చదనమే కప్పుగా నేల మీద పడుతుంది. ఈ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ మానవాళి బహుమతి వచ్చింది. పది లక్షల యూరోల ఆ బహుమతిని పంచుకున్న వారిలో ఈజిప్టు సంస్థ సెకెమ్‌తో పాటు ఇందాకటి రత్తన్ లాల్ కూడా ఉన్నారు.

ఇక పాలిపోయిన వంగ మొక్క దగ్గరికి వద్దాం. ఇక్కడ చిన్న లెక్క వెయ్యాలి. కాగితం అక్కర్లేదు, వేళ్ల మీద వేసుకోవచ్చు.

వంద కిలోల ఎండు వరిగడ్డిలో కర్బనం సుమారు 40 కిలోలు. నత్రజని అరకిలో పైచిలుకు, 600 గ్రాములనుకుందాం. ఈ గడ్డిని తినే సూక్ష్మజీవులు కర్బనంలో మూడింట రెండు వంతులకు పైగా ఊపిరిగా వదిలేస్తాయి, దాదాపు మూడో వంతుతో ఒళ్లు కట్టుకుంటాయి. అంటే 13 కిలోల కర్బనం వాటి శరీరాల్లోకి వెళ్తుంది. వాటి శరీరంలో ప్రతి 8 పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉండాలి. లెక్కన 1,600 గ్రాముల నత్రజని కావాలి. గడ్డిలో ఉన్నది 600. మిగతా కిలో ఎక్కడిది? మట్టిలోంచి తీసుకుంటాయి. అదే మట్టిలో వంగ వేరు కూడా వెతుక్కుంటోంది. పోటీలో వేరు కన్నా సూక్ష్మజీవే ముందు పట్టుకుంటుంది. మొక్క తన అడుగు ఆకుల్లోని నత్రజనిని పైకి లాగి చిగురుకు ఇచ్చుకుంటుంది, అడుగు ఆకు పసుపు తిరుగుతుంది.

దీన్ని చేబదులు అనొచ్చు. సూక్ష్మజీవులు ఆ నత్రజనిని ఎక్కడికీ తీసుకుపోవు. గడ్డి అయిపోయాక ఆకలికి అవి చస్తాయి, వాటిని మరో జీవి తింటుంది, నత్రజని తిరిగి మట్టిలోకి వస్తుంది. రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, కొన్ని నెలలూ పట్టొచ్చు. మూడు నెలల కూరగాయ పైరుకు మాత్రం ఆ కొన్ని వారాలే ప్రాణం.

ఇదే లెక్క గట్ల మీద పెంచే గ్లైరిసిడియా చెట్టు ఆకుతో వేస్తే తిరగబడుతుంది. వంద కిలోల ఎండుబరువు ఆకులో నత్రజని సుమారు 3 కిలోలు. సూక్ష్మజీవుల అవసరం అదే 1,600 గ్రాములు. వాటి కడుపు నిండగా ఇంకా దాదాపు కిలోన్నర మిగులుతుంది, అది నేరుగా మొక్కకు. జీలుగు, జనుము, పిల్లిపెసర, వేరుశనగ కట్టె ఈ వైపు నిలబడతాయి. వరిగడ్డి, చెరకాకు, జొన్న చొప్ప, కొబ్బరి పొట్టు ఆ వైపు. కప్పేది ఏదైనా ఒకటే అని చెప్పడం రైతును తప్పుదారి పట్టించడమే. ఎండుటాకుకూ పచ్చాకుకూ మధ్య ఎరువుకు సంబంధించినంత వరకు అప్పు పుచ్చుకునేవాడికీ అప్పు ఇచ్చేవాడికీ ఉన్నంత తేడా ఉంది.

అయితే ఈ అప్పు ఎంత పెద్దదన్నది గడ్డిని ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది. మట్టిలో కలిపి దున్నితే ప్రతి పరక చుట్టూ మట్టే. గడ్డి అంతా ఒకేసారి కుళ్లడం మొదలెడుతుంది, కిలో నత్రజని ఒకేసారి పోతుంది. పైన పరిస్తే మట్టిని తాకేది అడుగు పొర ఒక్కటే. అప్పు వాయిదాల మీద సాగుతుంది. పైగా అక్కడ ఎక్కువ పని బాక్టీరియాది కాదు, శిలీంధ్రాలది. ఆ తెల్లటి దారాలు అవే. బాక్టీరియా ఉన్నచోటే తినాలి. శిలీంధ్రం అలా కాదు, ఒక కొస మట్టిలో ఉంచి ఇంకో కొస గడ్డిలోకి చాపుతుంది. మట్టిలోని నత్రజనిని దారం వెంట పైకి పంపి, గడ్డిలోని కర్బనాన్ని తింటుంది. దున్నితే ఈ దారాలన్నీ తెగిపోతాయి. పైన కప్పిన నేలలో శిలీంధ్రాల పాలు పెరగడానికీ, మట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని చిన్న చిన్న ఉండలు కట్టడానికీ ఈ దారాలే ముఖ్య కారణం. అలా ఉండలు కట్టిన మట్టిలోకి నీరు గబగబా ఇంకుతుంది, మట్టి గట్టిపడి పక్కు కట్టదు.

జపాన్‌లోని షికోకు దీవిలో వరి, బార్లీ పండించిన మసనోబు ఫుకువోకా తన గడ్డిని పొలంలోనే, ముక్కలు చెయ్యకుండా, అడ్డదిడ్డంగా విసిరేవాడు. చక్కగా వరుసగా పరిచిన చోట మొలకలు పైకి రాలేకపోయాయని ఆయన రాశాడు. 1975లో వెలువడిన ఆయన పుస్తకం 'గడ్డిపరకతో విప్లవం' పేరుతో తెలుగు రైతులకూ చేరింది. ఆ పుస్తకం చదివి వట్టి గడ్డి మాత్రమే గుర్తుంచుకున్న వారు ఒక సంగతి వదిలేశారు. ఫుకువోకా ఆ గడ్డి మీద కొద్దిగా కోళ్ల ఎరువు చల్లేవాడు, పైరు కింద తెల్ల క్లోవర్ పెంచేవాడు. క్లోవర్ మన పిల్లిపెసరలాగే గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెల్లోకి పట్టే మొక్క. అంటే ఏమీ చెయ్యని వ్యవసాయమని పేరుపడిన చోట కూడా గడ్డి చేసిన అప్పు తీర్చే ఏర్పాటు ఉంది.

మన దగ్గర సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన జీవామృతాన్ని ఈ వెలుగులో చూడాలి. ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి. మూత్రంలోది, పిండిలోది, పేడలోది అంతా కూడినా అందులోని నత్రజని కొన్ని వందల గ్రాములే. సూక్ష్మజీవుల్ని మేల్కొలిపే తోడుగా దాన్ని వాడుకోవచ్చు. ఎకరం మీద పరిచిన టన్నుల కొద్దీ వరిగడ్డి చేసే నత్రజని అప్పు మాత్రం దానితో తీరదు. ఆ పని పచ్చాకుతో, పప్పుజాతి అంతరపంటతో, పశువుల ఎరువుతో కావలసిందే. పాలేకర్ పద్ధతిలోనే సజీవ ఆచ్ఛాదన అని ఒకటుంది. పైరు సాళ్ల మధ్య అలసంద, పెసర లాంటివి పెంచడం. దాన్ని వదిలేసి గడ్డి ఒక్కటే పరిచిన చోటే మొక్కలు పసుపు తిరుగుతున్నాయి.

మిగతా పోషకాల తీరు వేరు. పొటాష్‌కు సూక్ష్మజీవి అక్కర్లేదు. అది గడ్డి కణాల్లో కరిగి ఉంటుంది, ఒక వాన పడితే టీపొడిలోంచి రంగు దిగినట్టు దిగిపోతుంది. వరి పైరు తీసుకున్న పొటాష్‌లో ముప్పాతిక పైగా గింజలోకి కాదు, గడ్డిలోకే వెళ్తుంది. టన్ను గడ్డిలో 12 నుంచి 17 కిలోలు. భాస్వరం కథ ఎర్రనేలల్లో మరీ ముఖ్యం. మట్టిలో ఉండీ ఇనుముతో, అల్యూమినియంతో ముడిపడి వేరుకు అందదు. నల్లరేగడిలో సున్నంతో ముడిపడుతుంది. కుళ్లుతున్న చెత్తలోంచి వచ్చే సేంద్రియ ఆమ్లాలు ఆ ముడిని కొంత వదులు చేస్తాయి. సూక్ష్మజీవులు వదిలే ఫాస్ఫటేజ్ అనే ఎంజైము చెత్తలోని భాస్వరాన్ని విడగొడుతుంది. వేరులో నివాసముండే మైకోరైజా శిలీంధ్రం వేరు అందుకోలేని చోటి నుంచి భాస్వరం తెచ్చి మొక్కకు ఇస్తుంది, బదులుగా చక్కెర పుచ్చుకుంటుంది. చల్లగా, తడిగా, దున్నకుండా ఉన్న నేలలో ఈ బేరం బాగా సాగుతుంది.

హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, క్రీడా, హయత్‌నగర్ క్షేత్రంలోని ఎర్రనేలలో 1995 నుంచి ఏళ్ల తరబడి ఒక ప్రయోగం నడిపింది. ఒక ఏడు జొన్న, ఒక ఏడు ఆముదం. కొన్ని మడుల్లో జొన్న చొప్ప, కొన్నిట్లో గ్లైరిసిడియా కొమ్మలు, కొన్నిట్లో ఏమీ లేదు. అక్కడ గ్లైరిసిడియా వేసి, నత్రజని కూడా ఇచ్చిన మడుల నేల బాగుపడింది. అయితే దున్నకం బాగా తగ్గించిన మడులు దున్నిన మడులంత దిగుబడి ఇవ్వలేదు. వాన పడి ఎండితే పక్కు కట్టే నేలలు మనవి. ఎక్కడో మెత్తటి నేలలో నడిచిన సూత్రాన్ని ఇక్కడ కళ్లు మూసుకుని దించుకోకూడదని ఆ మడులు చెబుతున్నాయి. పెట్టిన చెత్త కూడా అక్కడ ఎకరాకు టన్నుకు లోపే. మెట్ట రైతుకు అంతకన్నా ఎక్కువ ఎక్కడ దొరుకుతుంది?

ఇదే అసలు చిక్కు. గడ్డి పశువుకా, నేలకా? రెండు గేదెలున్న ఇంట్లో వేసవికి గడ్డివాము ఎంత విలువైందో చెప్పనక్కర్లేదు. ఆ గడ్డిని పొలంలో పరవమని చెప్పడం సలహా కాదు. పశువు తినని దాన్ని నేలకు ఇవ్వాలి: కంది కట్టె, మరలో నలిపిన పత్తి కట్టె, ఎండు చెరకాకు, కొబ్బరి మట్ట, మొక్కజొన్న బెండు. గట్ల మీద గ్లైరిసిడియా పెంచి ఏడాదికి రెండు మూడు సార్లు కొట్టాలి. చెరకు నాటిన మూడో రోజే ఎండాకు కప్పమని చెబుతారు. దానివల్ల తేమ నిలుస్తుంది, మొదట్లో వచ్చే పీకపురుగు ఉధృతీ తగ్గుతుంది. కృష్ణా, గుంటూరు మాగాణుల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చేలోనే మినుము చల్లే అలవాటు ఉంది. కోసిన తర్వాత నిలిచిన వరి మోళ్ల మధ్య, దున్నని నేలలో, మిగిలిన పదును మీదే ఆ మినుము పండుతుంది. మినుము తన నత్రజని తానే పట్టుకుంటుంది కాబట్టి మోళ్లు చేసే అప్పు దాన్ని బాధించదు. శాస్త్రం పేరు పెట్టకముందే రైతులు కుదుర్చుకున్న జత అది.

దానికి ఎదురుగా, యాసంగి వరి కోతయంత్రంతో కోశాక పొలాల్లో పెడుతున్న మంట చూస్తే గుండె తరుక్కుపోతుంది. టన్ను గడ్డి కాలిస్తే కర్బనం, నత్రజని దాదాపు మొత్తం గాలిలో కలుస్తాయి, గంధకం సగం పోతుంది. మిగిలిన బూడిదలో పొటాష్ ఉంటుంది గానీ దాన్ని పట్టి ఉంచే జీవం పైపొరలో ఉండదు.

ప్లాస్టిక్ షీటు మాటేమిటని మిర్చి, పుచ్చ రైతులు అడుగుతారు. పైన వెండిరంగు, కింద నలుపు ఉన్న 25, 30 మైక్రాన్ల షీటు కలుపును ఆపుతుంది, డ్రిప్పు నీటిని కాపాడుతుంది. దాని కింద నేల తడిగా, వెచ్చగా ఉండడంతో సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేసి నత్రజనిని త్వరగా విడుదల చేస్తాయి, పైరు ఏపుగా వస్తుంది. అయితే షీటు వాటికి తిండి పెట్టదు. అవి తింటున్నది నేలలో అప్పటికే ఉన్న సేంద్రియ పదార్థాన్ని. మన ఎర్రనేలల్లో చాలా చోట్ల సేంద్రియ కర్బనం అర శాతానికి లోపే. షీటు వేసే రైతు ఆ బోదెలో పశువుల ఎరువు దండిగా వెయ్యకపోతే ఉన్నది కరిగిపోతుంది. పంటయ్యాక షీటును ముక్క మిగలకుండా తియ్యాలి. పత్తి చేలలో చిరిగిన సన్నటి షీటు ఏళ్ల తరబడి పేరుకుపోయి, చైనా 2017లో ప్రమాణం సవరించి షీటు కనీస మందం 8 నుంచి 10 మైక్రాన్లకు పెంచాల్సి వచ్చింది. మరీ పలచనిది చేతికి రాకుండా చినిగి మట్టిలోనే ఉండిపోతుంది.

ఖరీఫ్‌లో గడ్డి కప్పబోయే వారు కొన్ని పనులు గుర్తుంచుకుంటే వంగ మొక్క పాలిపోదు. వాన పడి నేల తడిశాకే కప్పాలి. పొడి నేల మీద మందంగా కప్పితే చిన్న వానను గడ్డే తాగేస్తుంది, చెద కూడా పడుతుంది. ముందు గ్లైరిసిడియా, వేప లేదా కానుగ పచ్చాకు ఒక పొర పరిచి, దాని మీద వరిగడ్డి వెయ్యాలి. మొక్క మొదలు చుట్టూ మూడు వేళ్ల మేర ఖాళీ వదిలితే కాండం కుళ్లదు. యూరియా వేసే వాళ్లు దాన్ని గడ్డి మీద చల్లకూడదు. గడ్డిలో ఉండే యూరియేజ్ దాన్ని అమ్మోనియాగా మార్చి గాలిలో కలిపేస్తుంది. గడ్డి పక్కకు తీసి, మట్టిలో వేసి, మళ్లీ కప్పాలి.

ఫలితం చూడడానికి ప్రయోగశాలకే వెళ్లనక్కర్లేదు. అమెరికా, కెనడా రైతులు కొత్త నూలు లోదుస్తుల్ని పొలంలో పాతిపెట్టి రెండు నెలల తర్వాత తవ్వి చూసుకుంటారు. మన దగ్గర జానెడు తెల్ల నూలు గుడ్డలు రెండు చాలు. కప్పులేని మడిలో ఒకటి, పచ్చాకు మీద గడ్డి కప్పిన మడిలో ఒకటి, నాలుగు వేళ్ల లోతున పాతాలి. నూలు అంటే దాదాపు అంతా సెల్యులోజ్ అనే కర్బన పదార్థమే, నత్రజని లేనట్టే. కాబట్టి దాన్ని తినాలన్నా సూక్ష్మజీవులు నేల దగ్గర చేబదులు తీసుకోవాల్సిందే. ఇవ్వగల స్థితిలో నేల ఉంటేనే గుడ్డ కరుగుతుంది. రెండు నెలల తర్వాత తవ్వితే, ప్రాణం లేని మడిలో గుడ్డ మరకలు పడి, ఉతికి ఆరేసేంత గట్టిగా బయటికొస్తుంది. కప్పిన మడి బాగా పనిచేసి ఉంటే గుడ్డ పీలికలుగా వస్తుంది, కొన్నిచోట్ల గుడ్డే దొరకదు. అంచుకు వేసిన కుట్టు నైలాన్ దారమైతే, అదొక్కటి ఆ మట్టిలో నలుచదరంగా మిగిలి ఉంటుంది.